పొలం ఖరీదు కట్టించే ముందు

పిట్టలవానిపాలెం

చి.ల.సౌ. మేనకోడలికి,

నీ ఉత్తరం అందింది. నాన్న వదిలి వెళ్లిన పొలం అన్నయ్యే ఉంచుకుంటానన్నాడు, నీ వాటాకి డబ్బు ఇస్తానన్నాడు. మంచిదే. ఊళ్లో ఉండి బాగోగులు చూసుకునేవాడి దగ్గర పొలం ఉండటం నాకూ ఇష్టమే. చిక్కల్లా ఆ డబ్బు లెక్కలో ఉంది. రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చిన మార్కెట్ విలువ కాగితం చూపించి, దాన్ని ఎకరాలతో హెచ్చించి, "గవర్నమెంటు రేటే ఇదమ్మా" అన్నాడని రాశావు. వాడు మోసం చేస్తున్నాడని నేననను. ఆ కాగితం ఎందుకు పుట్టిందో వాడెప్పుడూ ఆలోచించి ఉండడు.

అది సుంకం వసూలుకి ప్రభుత్వం గీసుకున్న కింది గీత. మన రాష్ట్రంలో అమ్మకం దస్తావేజుకి స్టాంపు సుంకం 5 శాతం, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ రుసుం 1, మొత్తం 7.5 శాతం కడతాం. ఆ శాతాలు దేని మీద లెక్కించాలో చెప్పడానికే ఆ విలువ. బోదె పక్కన మెరక చేనుకీ, మురుగు కాలువ ఒడ్డున పల్లపు చేనుకీ తేడా ఆ పట్టికకి పట్టదు. పేరు మాత్రం దర్జాగా మార్కెట్ విలువ అని పెట్టారు.

అలాగని చందోలు సెంటర్లో టీ కొట్టు దగ్గర వినిపించే ధర పట్టుకుని అన్నయ్య మీదికి వెళ్లకు. "ఫలానావాళ్లు ఎకరం అంతకి అమ్మారట" అన్న మాటలో ఎన్నో దాగుంటాయి. ఆ చేను తారు రోడ్డు మీద ఉండొచ్చు. కొన్నవాడు పక్క చేనువాడై, రెండూ కలుపుకోవాలన్న పట్టుదలతో పై ధర పెట్టి ఉండొచ్చు. బయానా మాత్రమే ఇచ్చి, మిగతా సొమ్ము రెండేళ్ల వాయిదాల్లో అనుకుని ఉండొచ్చు. మధ్యవర్తి నోటి వెంట వచ్చే ధరలో అతని కమీషన్ ఆశ కూడా కలిసే ఉంటుంది.

నీకు వాటా ఉందా అన్న సందేహమే పెట్టుకోకు. తండ్రి ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు సమాన హక్కు దేశం మొత్తానికి 2005లో వస్తే, మన రాష్ట్రం 1986లోనే ఆ చట్టం చేసింది. వాటా ఎంతన్నది మాత్రం పొలం తాతగారి నుంచి వచ్చిందా, నాన్న కొన్నదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. అది వకీలు తేలుస్తాడు. అమ్మ వాటా మర్చిపోవద్దు. అన్నయ్యకీ ఒక హక్కుంది. హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షన్ ప్రకారం, వారసుల్లో ఒకరు తమ వాటా అమ్ముకుంటామంటే కొనే మొదటి హక్కు తక్కిన వారసులదే. ఇది వ్యవసాయ భూమికీ వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. ధర మీద ఒప్పందం కుదరకపోతే కోర్టు నిర్ణయించాలని కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. అన్నాచెల్లెళ్లు కోర్టు మెట్లెక్కి ఖరీదు కట్టించుకునే బదులు ఇంట్లో కూర్చుని ఒక వాల్యుయర్‌ని పిలిపించుకోవడం చవక.

ఎవరిని పిలవాలన్నావు. దివాలా వ్యవహారాల బోర్డు (ఐబీబీఐ) దగ్గర 2017 వాల్యుయర్ల నిబంధనల కింద నమోదైనవాళ్లు ఉన్నారు. వాళ్లలో భూమి, భవనాలు ఒక తరగతి. పాత సంపద పన్ను చట్టం కింద నమోదైనవాళ్లు ఇంకో రకం. ఆ పన్ను 2015లో ఎత్తేసినా నమోదు మాత్రం మిగిలింది. అందులో వ్యవసాయ భూములకు విడిగా ఒక తరగతి ఉంది, వ్యవసాయం చదివినవాళ్లూ రెవెన్యూలో చేసి రిటైరైనవాళ్లూ అందులో కనిపిస్తారు. దొరికితే నాకు వీళ్లే ఇష్టం. అపార్ట్‌మెంట్లకు రిపోర్టులు రాసి అలవాటైన ఇంజనీరు కారు దిగకుండా ఫోన్లో ఫొటో తీసుకుని వెళ్లిపోయే ప్రమాదం ఉంది. బ్యాంకులో వ్యవసాయ రుణాలు చూసినన్నాళ్లూ అలాంటి రిపోర్టులు నా బల్ల మీదికి వస్తూనే ఉండేవి. పేజీలు ముప్పై, పొలం గురించి మూడు వాక్యాలు.

వాల్యుయర్‌ని నువ్వొక్కదానివే పెట్టుకోకు. నువ్వు తెచ్చిన రిపోర్టు అన్నయ్య నమ్మడు, అన్నయ్య తెచ్చింది నువ్వు నమ్మవు. ఇద్దరూ సంతకం పెట్టి పిలవండి, ఫీజు సగం సగం భరించండి. ఆ ఫీజు ముందే ఒక మొత్తంగా మాట్లాడుకోండి. ఖరీదులో ఇంత శాతం అన్నవాడి గుమ్మం తొక్కొద్దు, ఖరీదు పెరిగితే అతనికి లాభం. ఎందుకోసం కడుతున్నారో, ఏ తేదీకి కడుతున్నారో రిపోర్టు మొదట్లోనే రాయమనండి. తాకట్టుకి బ్యాంకు కట్టించే ఖరీదు వేరు, వాటాల పంపకానికి కట్టేది వేరు.

ఆయన ముందుగా చుట్టుపక్కల జరిగిన అమ్మకాలు చూస్తాడు. ఖాజీపాలెం, చందోలు వైపు దస్తావేజులన్నీ దొరుకుతాయి గానీ వాటిలో రాసిన ధర చాలాసార్లు సుంకం కోసం రాసినదే, చేతులు మారిన డబ్బు కాదు. ఈ సంగతి ప్రభుత్వానికీ తెలుసు. 2013 భూసేకరణ చట్టంలో, ముందు మూడేళ్ల దస్తావేజుల్లో ఎక్కువ ధర ఉన్న సగం తీసుకుని సగటు కట్టమన్నారు. మీ వాల్యుయర్ కూడా కాగితాలతో ఆగక కొన్నవాళ్లనీ అమ్మినవాళ్లనీ అడగాలి. ఎవరిని అడిగాడో, ఎందుకు ఒకదాన్ని తీసుకుని ఇంకొకదాన్ని వదిలేశాడో రాయాలి.

రెండోది కౌలు లెక్క. ఇక్కడ నీకు లెక్కలొచ్చు గనుక నువ్వే చేసి చూడు. ఎకరానికి 20 బస్తాలు కౌలు అనుకో. బస్తా 75 కిలోలు. 2025-26 మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలు 2,369 రూపాయలు. అంటే ఏడాదికి సుమారు 35,500. ఈ రాబడిని 7 శాతం వడ్డీగా భావిస్తే ఎకరం 5 లక్షలు. 2 శాతంగా భావిస్తే 17 లక్షల 75 వేలు. చేను అదే, కౌలూ అదే. వాల్యుయర్ ఎంచుకున్న ఒక్క అంకె ఖరీదుని మూడున్నర రెట్లు చేసింది. అందుకే రిపోర్టు చేతికి రాగానే ఆఖరి పేజీ తిప్పకు. ఏ శాతం పెట్టాడు, ఎందుకు పెట్టాడు అన్నచోట వేలు పెట్టి అడుగు. మన డెల్టాలో ఎవరూ కౌలు చూసి పొలం కొనరు. భూమి పోదన్న నమ్మకం, రేపు రోడ్డు వస్తుందన్న ఆశ, ఊళ్లో పరువు, ఇవన్నీ ధరలో కలుస్తాయి. ఆ కలిసినదాన్ని ఎంతగా లెక్కేశాడో తేటతెల్లం చేయడానికే ఆయనకు మనం డబ్బిచ్చేది.

ఇక నీళ్లు. ఇది ఎంత చెప్పినా తక్కువే. మనది కృష్ణా పశ్చిమ డెల్టా, అందులోనూ సముద్రం వైపు. కొమ్మమూరు కాలువకి నీళ్లు వదిలారన్న వార్త పేపర్లో వచ్చిన రోజుకీ, శివారు చేనుకి నీరెక్కిన రోజుకీ మధ్య ఎన్ని రాత్రి కాపలాలో మీ నాన్నకి తెలిసేది. వాల్యుయర్ గట్టు మీద నిలబడి చూస్తే ఇది కనపడదు. బోదె వెంట తూము దాకా నడవాలి, తిరిగి మురుగు కాలువ దాకా నడవాలి. మురుగు తీయకపోతే నీళ్లున్న చేను కూడా నష్టమే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతకొచ్చిన వరి ఏ చేలో ఎన్నాళ్లు నీళ్లలో నానిందో కౌలుదారులను అడిగితే చెబుతారు, ఆ జవాబు సర్వే పటంలో ఉండదు.

ఉప్పు సంగతి కూడా. పక్కన రొయ్యల చెరువు తవ్వితే దాని యజమానికి రాబడి, ఊట దిగే మన చేనుకి చవుడు. మట్టి పరీక్ష చేయించి విద్యుత్ వాహకత మీటరుకి 4 డెసీసీమెన్లు దాటిందేమో చూడమను, దాటితే అది చౌడు నేల కింద లెక్క. బాపట్లలో ఉప్పునీటి మీద పరిశోధన చేసే కేంద్రమే ఉంది. ఆ కాగితం రిపోర్టుకి జతపరిస్తే ఖరీదు తగ్గినా ఎవరికీ అనుమానం ఉండదు. తగ్గితే తగ్గనీ, నిజమైన ధరలో నీ వాటా పుచ్చుకో.

డొంక సంగతి చూడాలి. కోత మిషను చేలోకి దిగే దారి మనదేనా, పక్కవాళ్ల దయ మీదా? విస్తీర్ణం కూడా కాగితంలో ఉన్నదాన్ని నమ్మకుండా కొలిపించండి. రీసర్వే జరిగిన చోట కొత్త ల్యాండ్ పార్సిల్ మ్యాప్ (ఎల్‌పీఎం) నంబర్లు వచ్చాయి, పాత సర్వే నంబరుతో అయిదు పది సెంట్లు తేడా కనిపిస్తే ముందు దాన్నే తేల్చండి. అడంగల్, వన్ బీ, ఈసీ తీయించి, పొలం 22ఏ నిషేధిత జాబితాలో లేదని చూసుకున్నాకే వాల్యుయర్‌ని పిలవండి. జాబితాలో ఉన్న భూమికి ఎంత గొప్ప రిపోర్టు రాసినా రిజిస్ట్రేషన్ జరగదు.

పన్ను గురించి భయపడుతున్నావు. 2011 లెక్కల్లో బాపట్ల, పొన్నూరు రెండూ లక్ష జనాభా దాటని మున్సిపాలిటీలే, కాబట్టి వాటి హద్దుకి రెండు కిలోమీటర్లు దాటిన సాగుభూమి మీద మూలధన లాభం పన్ను పడదు. మనది అంతకంటే ఎడంగానే ఉంది. అయినా సొమ్ము మొత్తం బ్యాంకు ద్వారానే తీసుకో, దస్తావేజులో అదే రాయించు.

అన్నయ్యతో నేను మాట్లాడనా అని అడిగావు. నేను మాట్లాడితే మేనమామ చెల్లెలి పక్షాన వచ్చాడంటాడు. నువ్వే ఫోన్ చెయ్యి. "నీ రేటు తప్పు" అని మొదలెట్టకు, "ఇద్దరం కలిసి ఒకరిని పిలుద్దాం అన్నయ్యా, ఫీజు సగం నాది" అను. ఒప్పుకుంటే వరి చేలో ఉండగానే రమ్మనండి. వేసవిలో కాలువలు కట్టేశాక అన్ని చేలూ ఒకేలా ఎండి కనిపిస్తాయి. తేదీ ఖాయమయ్యాక నాకు రాయి. ఇప్పుడు చేను చేస్తున్న కౌలుదారుకి ముందే చెప్పి ఉంచుతాను, పొలం చేయిజారుతుందేమోనని అతను బెంగపడకుండా.

ఇట్లు,
మీ మావయ్య