వ్యవస్థాపకుడు కుర్చీ దిగితే షేరు ఏమవుతుంది?

ప్రశ్న: 2011లో స్టీవ్ జాబ్స్ రాజీనామా చేసినప్పుడు యాపిల్ షేరు కుప్పకూలుతుందనుకున్నాం. పెద్దగా ఏమీ కాలేదు. కంపెనీ ఒక్క మనిషి మీద నిలబడిందన్నది ఉత్త మాటేనా?
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, తెనాలి

జవాబు: ఉత్త మాట కాదండీ. ఆ భయాన్ని మార్కెట్ ముందే ధరలో కలుపుకుంది, అంతే. ఆగస్టు 24న ట్రేడింగ్ ముగిశాక రాజీనామా లేఖ బయటికొచ్చింది. ఆ రాత్రి షేరు 5 శాతం దాకా జారింది. మర్నాడు ముగింపు వేళకు నష్టం ఒక శాతం కూడా లేదు. జాబ్స్ ఆరోగ్యం సంగతి 2004 నుంచీ అందరికీ తెలుసు. ఆయన సెలవు పెట్టిన ప్రతిసారీ సంస్థను నడిపింది టిమ్ కుకే. పైగా టెక్నాలజీ కంపెనీలో పెద్దాయన వెళ్లాక ఏడాది, రెండేళ్లు అమ్ముడయ్యేది ఆయన హయాంలో మొదలైన సరుకే. తొలి ఏడాది లాభాలు చూసి వారసుడికి మార్కులు వేయకూడదు.

అసలు దెబ్బ ఆలస్యంగా తగిలింది. 2012 సెప్టెంబరులో 700 డాలర్లు దాటిన షేరు 2013 ఏప్రిల్‌కల్లా 400 కిందికి వచ్చింది. శాంసంగ్ పోటీ పెరిగింది, లాభాల శాతం తగ్గింది. జాబ్స్ ఉంటే ఇలా జరిగేదా అన్న నిట్టూర్పులు అప్పుడు గట్టిగా వినిపించాయి. ఉన్నా ఆ పోటీ ఆగేదని నేననుకోను.

మారింది మరొకటి ఉంది, దాని గురించి జనం తక్కువ మాట్లాడతారు. జాబ్స్ నగదును పోగేసి ఉంచడానికే ఇష్టపడేవారు. 1995 తర్వాత యాపిల్ డివిడెండ్ చెల్లించలేదు. ఆయన దిగి ఏడు నెలలు తిరక్కుండానే, 2012 మార్చిలో, డివిడెండూ షేర్ల బైబ్యాకూ కలిపి మూడేళ్లలో 4,500 కోట్ల డాలర్లు ఇస్తామని కుక్ ప్రకటించారు. తర్వాతి పదేళ్లలో ఒక్క బైబ్యాక్‌కే 50 వేల కోట్ల డాలర్లకు పైగా పోశారు. జాబ్స్ నిష్క్రమణ తెచ్చిన అతి పెద్ద ఆర్థిక ఫలితం ఇదేనంటాను. ఖజానా తాళంచెవి చేతులు మారింది.

ప్రశ్న: పదవి వదిలితే ఆస్తి కూడా తగ్గిపోతుందా?
– డిగ్రీ విద్యార్థిని, నిజామాబాద్

జవాబు: లేదమ్మా. పదవి వేరు, వాటా వేరు. 2021 జూలై 5న అమెజాన్ సీఈఓ పదవిని ఆండీ జాసీకి అప్పగించాక కూడా జెఫ్ బెజోస్ ఛైర్మన్‌గా, పెద్ద వాటాదారుగా కొనసాగారు.

ప్రశ్న: బిల్ గేట్స్ దిగాక పద్నాలుగేళ్లు మైక్రోసాఫ్ట్ షేరు ఎదగలేదని, మన సత్య నాదెళ్ల వచ్చాకే లేచిందని అంటారు. నిజమేనా?
– వ్యాపారి, అనంతపురం

జవాబు: సగం నిజం. 2000 జనవరి 13న గేట్స్ సీఈఓ పదవిని స్టీవ్ బామర్‌కు ఇచ్చారు. అది డాట్‌కామ్ పిచ్చి పతాకస్థాయిలో ఉన్న కాలం. షేరు ధర ఏడాది లాభానికి 60 రెట్లకు పైనే ఉండేది. ఆ రేటుకు కొన్నవాణ్ని గేట్స్ కూడా కాపాడగలిగేవారు కాదు. బామర్ హయాంలో వార్షిక ఆదాయం సుమారు 2,300 కోట్ల డాలర్ల నుంచి 7,800 కోట్లకు చేరింది. ఫోన్ల విషయంలో ఆయన వెనకబడ్డ మాటా నిజమే. 2013 ఆగస్టు 23న తాను దిగిపోతానని ప్రకటించిన రోజు షేరు 7 శాతం ఎగబాకి, ఆయన సొంత ఆస్తి 70 కోట్ల డాలర్లకు పైగా పెరిగింది. వెళ్తానన్నందుకు అంత బహుమానం అందుకున్నవారు అరుదు!

ఇక గేట్స్ 2000లో నిజంగా వెళ్లారా? రోజువారీ పని మానింది 2008లో. ఛైర్మన్ పదవి వదిలింది 2014 ఫిబ్రవరి 4న. మీ జిల్లా మూలాలున్న నాదెళ్ల సీఈఓ అయిందీ అదే రోజు. అప్పటికి సుమారు 30 వేల కోట్ల డాలర్లున్న కంపెనీ విలువ 2019 ఏప్రిల్‌లో లక్ష కోట్లు దాటింది. వెనక సీట్లో స్థాపకుడు కూర్చుని ఉంటే ముందున్నవాడికి బండి నడపడం కష్టం. నాదెళ్లకు దక్కిన స్వేచ్ఛ బామర్‌కు ఆ మేరకు దక్కలేదన్నది నా అభిప్రాయం.

ప్రశ్న: మన దేశంలోనూ ఇలా జరిగిందా?
– లెక్చరర్, కాకినాడ

జవాబు: ఇన్ఫోసిస్‌ను చూడండి. 2011లో ఛైర్మన్‌గా విరమించిన స్థాపకుడు నారాయణమూర్తి 2013 జూన్‌లో మళ్లీ వచ్చారు. మరుసటి ఏడాది, స్థాపకులు కాని తొలి సీఈఓగా విశాల్ సిక్కాకు పగ్గాలిచ్చి తప్పుకున్నారు. మూర్తి విమర్శలు మాత్రం ఆగలేదు. 2017 ఆగస్టు 18న సిక్కా రాజీనామా చేసినప్పుడు బోర్డు మూర్తినే బహిరంగంగా తప్పుపట్టింది, ఆయన దాన్ని ఖండించారు. తప్పెవరిదైనా ఆ ఒక్కరోజే షేరు దాదాపు 10 శాతం పడింది. వారంలోపు మరో స్థాపకుడు నందన్ నిలేకని వచ్చి ఛైర్మన్ బాధ్యత తీసుకోవాల్సి వచ్చింది.

హైదరాబాద్ సత్యం కంపెనీ సంగతి వేరు. 2009 జనవరి 7న స్థాపకుడు రామలింగరాజు రాజీనామా లేఖతో షేరు ముప్పాతిక వంతుకు పైగా పోయింది. దాన్ని ముంచింది ఆయన వెళ్లడం కాదు, లెక్కలు అబద్ధమని తేలడం.

ప్రశ్న: మా ఆయన కంపెనీ స్థాపకుడు వచ్చే ఏడాది దిగిపోతారట. మా పొదుపులో ముప్పాతిక వంతు ఆ కంపెనీ ఇచ్చిన షేర్లే. అమ్మేయాలా?
– గృహిణి, డాలస్

జవాబు: స్థాపకుడు ఉన్నా అమ్మాల్సిందేనమ్మా, కనీసం కొంత. జీతమూ పొదుపూ ఒకే కంపెనీ మీద ఆధారపడితే, అది దెబ్బతిన్న నాడు రెండూ ఒకేసారి పోతాయి. షేర్లు చేతికొచ్చిన రోజునే వాటి విలువపై జీతం లెక్కన పన్ను పడిపోతుంది. కాబట్టి కొత్తగా వచ్చేవాటిని వచ్చినప్పుడే అమ్మితే అదనపు పన్ను దాదాపు ఉండదు. పాతవాటిని విడతలుగా తగ్గించుకోండి. లాభంపై పన్ను ఎంతో ముందే లెక్క వేయించుకోండి. ఉద్యోగులు ఎప్పుడు అమ్మవచ్చో కంపెనీ నిబంధనలు ఉంటాయి, అమ్మే ముందు అవి చూసుకోమనండి.