జయపుర సమ్రాట్ యంత్రము: నీడ అంచు నేర్పు పాఠము

సూర్యసిద్ధాంతములోని 14 అధ్యాయములలో యంత్రవిషయము 13వ అధ్యాయమున వచ్చును. బోధన అంతవఱకు సాగినప్పుడును శ్లోకార్థము చెప్పి ముగించుటయే తఱచు జరుగును. ఈ లోటు ఎంతటిదో జయపురములోని జంతర్ మంతర్‌ను చూచిన అధ్యాపకునకు స్పష్టమగును. 2010లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపు పొందిన ఈ వేధశాల నేడు ఆరుబయట నెలకొన్న విజ్ఞానచరిత్ర ప్రదర్శనశాల.

దీనిని నిర్మింపజేసినవాడు సవాయి జయసింహుడు (1688–1743). ఆయన ఆశ్రయము పొందిన జగన్నాథ సమ్రాట్టు టాలమీ రచించిన 'అల్మాజెస్టు'ను అరబ్బీ పాఠమునుండి సంస్కృతీకరించినాడు. ఇత్తడి యంత్రములు చిన్నవగుటచేతను, వాని ఇరుసులు అరుగుటచేతను ఫలితములు తప్పుచున్నవని తలచి, రాజు రాతితో, సున్నముతో మహాయంత్రములను కట్టించినాడు. వానిలో పెద్దది సమ్రాట్ యంత్రము. సుమారు 27 మీటర్ల ఎత్తుగల దీని శంకువు వాలు అంచు, స్థానిక అక్షాంశమును అనుసరించి దాదాపు 27 అంశల కోణమున ధ్రువాభిముఖమై యున్నది. ఇరువైపులనున్న వృత్తపాదములపై నీడ నిమిషమునకు 6 సెంటీమీటర్లకు పైగా జరుగును. వానిపై 2 సెకనుల వఱకు విభాగములు గలవు.

యంత్రము చూపు కాలము చేతి గడియారముతో సరిపోలదు. జయపుర రేఖాంశమునకును, మన ప్రామాణిక కాలమునకు ఆధారమైన 82½ అంశల రేఖకును గల అంతరము సుమారు 27 నిమిషములు. దీనికితోడు స్ఫుట, మధ్యమ సూర్యుల భేదమును చేరును. ఇవి యంత్రదోషములు కావు.

అసలు చిక్కు నీడలోనే ఉన్నది. సూర్యుడు బిందువు కాదు; అర్ధాంశకు మించిన బింబము. కావున శంకువు నీడకు తెగిన అంచు లేదు. వెలుగునుండి చీకటికి క్రమముగా మాఱు ఉపచ్ఛాయ ఉన్నది. బింబము తన వ్యాసమంత దూరము జరుగుటకు రెండు నిమిషములకు పైగా పట్టును. ఉపచ్ఛాయ వెడల్పును కాలమానమున అంతయే. యంత్రమును రెట్టింపు చేసినచో విభాగములతోపాటు ఉపచ్ఛాయయు రెట్టింపగును. పరిమాణము ఒక్కటే సూక్ష్మతను ఈయజాలదు.

ఈ చిక్కునకు పరిష్కారము అచ్చటనే కలదు. వృత్తపాదముపై శంకువు అంచుకు సమాంతరముగా సన్నని దారమును బిగించి పట్టి, దాని నీడ పెద్దనీడలో కలియు చోటును గుర్తించిన ఫలితము సూక్ష్మమగును. మధ్యాహ్నవేధకై ఇదే కట్టడములోని చీకటిగదులలో షష్ఠాంశ యంత్రములు గలవు. సూక్ష్మరంధ్రమునుండి పడు సూర్యబింబపు రెండంచులను కొలిచి, కేంద్రమును నిర్ణయింపవచ్చును.

1901–02లో ఈ వేధశాలను పునరుద్ధరించినప్పుడు గారెట్ అను ఇంజనీరుతో కలిసి పనిచేసినవాడు సంస్కృతజ్ఞుడైన చంద్రధర శర్మ గులేరీ. యంత్రాధ్యాయము మన బాధ్యతయే అనుటకు ఇది చాలును. జయపురము వెళ్లలేని కళాశాల తన ప్రాంగణమున ద్వాదశాంగుల శంకువును నిలిపి, నీడకొనను నలుగురు విద్యార్థులచే విడివిడిగా గుర్తింపజేయవలెను. నాలుగు గుర్తులు ఒక్కచోట పడవు. ఏల పడవను ప్రశ్నతో పాఠము ప్రారంభింపవచ్చును.