గురికి కొలత

పార్వతీపురం చుట్టుపక్కల కొండలలో నివసించే సవరలకు విల్లంబులు తరతరాల సాధనాలు. వేటలో విలుకాని గురిని లెక్కించడం సులభం. బాణం తగలాలి, లేదా తప్పాలి. పది బాణాలలో ఆరు తగిలితే గురి నూటికి అరవై.

బాస్కెట్‌బాల్‌లోనూ చాలాకాలం ఈ లెక్కే చెల్లింది. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ పీచ్ పండ్ల బుట్టలను వేలాడదీసి ఈ క్రీడను రూపొందించాడు. మైదానంలో ఎక్కడినుండి వేసినా బుట్టకు ఒకే విలువ ఉన్నంతకాలం శాతం అబద్ధమాడలేదు. అయితే అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్.బి.ఎ. 1979లోను, అంతర్జాతీయ సమాఖ్య 1984లోను మూడు పాయింట్ల గీతను ప్రవేశపెట్టాయి. ఆనాటినుండి పాత లెక్క చాలకుండా పోయింది.

పార్వతీపురంలోని ఒక కళాశాల జట్టులో ఒకే స్థానం మిగిలి ఉందని, దానికి ఇద్దరు విద్యార్థినులు పోటీపడుతున్నారని ఊహిస్తే ఆ లోపం తెలుస్తుంది. మొదటి అమ్మాయి బుట్ట దగ్గర పదిసార్లు ప్రయత్నించి ఐదు వేసింది. రెండవ అమ్మాయి గీత వెలుపలినుండి పదికి నాలుగే వేసింది. శాతం చూసి ఎంపిక చేస్తే రెండవ అమ్మాయి ఇంటిదారి పట్టవలసిందే. కాని ఆమె జట్టుకు తెచ్చినవి పన్నెండు పాయింట్లు. మొదటి అమ్మాయి తెచ్చినవి పది మాత్రమే. ఈ అన్యాయాన్ని సవరించడానికే మూడు పాయింట్ల బుట్టను ఒకటిన్నరగా లెక్కించే పద్ధతి వచ్చింది. దాని ప్రకారం మొదటి అమ్మాయిది యాభై శాతం, రెండవ అమ్మాయిది అరవై శాతం.

ఫ్రీ త్రోలను కూడా కలుపుకొన్నప్పుడే చిత్రం పూర్తవుతుంది. సాధారణంగా ఒక ఫౌలుకు రెండు ఫ్రీ త్రోలు లభిస్తాయి గనుక ఒక్కొక్కటి సగం అవకాశంతో సమానం. బుట్ట పడ్డాక అదనంగా దొరికే ఫ్రీ త్రో మాత్రం కొత్త అవకాశాన్ని ఖర్చు చేయదు. అందువల్ల గణకులు సగానికి బదులు 0.44 తీసుకొంటారు. మైదాన ప్రయత్నాలకు, ఫ్రీ త్రో ప్రయత్నాలలో 0.44 వంతును కలిపి, ఆ మొత్తాన్ని రెండింతలు చేసి, దానితో పాయింట్లను భాగిస్తే అసలైన గురిశాతం వస్తుంది.

2015-16 ఎన్.బి.ఎ. పోటీలలో మైదాన శాతంలో అగ్రస్థానం డిఆండ్రే జోర్డాన్‌ది. అతడు 508 ప్రయత్నాలలో 357 వేశాడు, అంటే 70.3 శాతం. స్టీఫెన్ కరీ 1598కి 805 వేసి 50.4 శాతం వద్ద ఆగాడు. ఇరవై శాతం అంతరం! అయితే కరీ బుట్టలలో 402 మూడేసి పాయింట్లవి. పైగా అతడు 400 ఫ్రీ త్రోలలో 363 వేశాడు. జోర్డాన్ 619లో 266 మాత్రమే వేయగలిగాడు. ఈ బలహీనత ఎరిగిన ప్రత్యర్థులు కావాలనే అతడిపై ఫౌలు చేసేవారు. కొత్త కొలతలో కరీ 66.9 శాతంతో ముందుకు వచ్చాడు, జోర్డాన్ 62.8 వద్ద నిలిచాడు.

ఈ కొలతకూ హద్దులున్నాయి. ఇరవైనాలుగు సెకన్ల గడువు ముగిసేవేళ బంతి ఎవరి చేతిలో ఉంటే వారే విసరక తప్పదు. ఆ కష్టం అంకెలలో కనిపించదు. సహచరుడు అందించిన చక్కని పాస్ వల్ల సులువుగా పడిన బుట్ట కూడా వేసినవారి ఖాతాలోకే చేరుతుంది. ఐనా కళాశాల జట్టుకు ఖరీదైన యంత్రాలేవీ అక్కరలేదు. స్కోరు పుస్తకంలో గీత లోపలి ప్రయత్నాలను, వెలుపలి ప్రయత్నాలను, ఫ్రీ త్రోలను వేర్వేరు గళ్ళలో రాసి, పడినవాటితోపాటు తప్పినవాటినీ గుర్తిస్తే చాలు. సాధారణంగా వదిలివేసేది తప్పినవాటినే. అవి లేకపోతే ఏ శాతమూ కట్టడం సాధ్యం కాదు.