చార్మినార్ అష్రఫీ, హాంబర్గ్ కోట నాణెం

మాలో ఒకరి నాయనమ్మ సందుగలో చార్మినార్ బొమ్మ ఉన్న వెండి రూపాయి ఒకటి ఉన్నది. హాలీ సిక్కా. అలాంటివి ఇంకా ఉండేవట, కరిగించి కడియాలు చేయించారట. దసరా సెలవుల తర్వాత ఆ రూపాయిని మిత్రుడు హాస్టలుకు తెచ్చాడు. దాని గురించి చదువుతుంటే, అదే బొమ్మతో, అదే బరువుతో బంగారు నాణెం కూడా ఉండేదని తెలిసింది. దాని పేరు అష్రఫీ.

మన నిజాంసాగర్ ప్రాజెక్టు (1923-31) కట్టించిన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు అష్రఫీ 11.178 గ్రాములు తూగుతుంది. తులానికి అర గ్రాము తక్కువ అన్నమాట. అందులో నూటికి 91 పాళ్లు బంగారం. ఒకవైపు చార్మినార్, దాని నడిమి ద్వారంలో ఒక చిన్న ఉర్దూ అక్షరం. అది 'ఐన్', ఉస్మాన్ పేరులో మొదటి అక్షరం. ఆయన తండ్రి మహబూబ్ అలీ ఖాన్ నాణేల మీద అదే చోట 'మీమ్' కనిపిస్తుంది. 92 అనే అంకె కూడా ఉంటుంది. ముహమ్మద్ అన్న పేరులోని అక్షరాల విలువలు (40, 8, 40, 4) కూడితే వచ్చేది అదే. రెండోవైపు టంకశాల పేరు 'ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్', అంటే శుభమైన పునాది గల హైదరాబాద్.

ఆ రోజుల్లోనే జర్మనీలో 20 మార్కుల బంగారు నాణెం చెలామణీలో ఉండేది. బరువు 7.965 గ్రాములు. అక్కడ ఒక్కొక్క రాజ్యం తన రాజు తలను ముద్రించుకునేది. ఎల్బే నది ఒడ్డున ఉన్న రేవు పట్టణం హాంబర్గ్‌కు రాజు లేడు. అది వర్తకుల నగరం. అందుకే దాని నాణెం మీద మూడు బురుజుల కోట వేశారు. మన అష్రఫీ మీదా నగరం గుర్తే ఉన్నది, కాని ద్వారంలో రాజు నిలబడి ఉన్నాడు!

ఇంకొక తేడా. జర్మన్ నాణెం మీద 20 మార్కులని విలువ రాసి ఉంటుంది. అష్రఫీకి ఖాయమైన ధర లేదు, బజారులో బంగారం ధరను బట్టి మారేది. అది దర్బారులో నజరానాగా ఇచ్చే నాణెం. కూలి గింజలుగా ముట్టిన మా తాతలు దాన్ని చూసి ఉండరు.

పొలం దున్నేటప్పుడు ఇలాంటివి దొరికితే చాలామంది నేరుగా కంసాలి దగ్గరికి పోతారు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, భూమిలో దొరికిన దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. కరిగితే బంగారం మిగులుతుంది, అక్షరాలు మిగలవు.

హైదరాబాద్ పోయినవాళ్లు సైఫాబాద్ పాత టంకశాలను చూడండి. 2022లో దాన్ని ప్రదర్శనశాలగా తెరిచారు.

నాయనమ్మ రూపాయి మీద ఉన్నది హిజ్రీ 1337. అంటే 1918-19. ఆమె పుట్టకముందటిది. ఇప్పుడు దాన్ని అమ్మనంటున్నది.