గ్రూపు ఎంపికకు దారి తరగతి గదిలోనే!

పదో తరగతి పరీక్షలు ముగిశాయంటే ఫలితాలు రాకముందే ఇంట్లో మొదలయ్యే ప్రశ్న ‘ఏ గ్రూపు?’. చాలామంది మార్కుల మెమో చూసో, స్నేహితులు చేరిన కాలేజీ చూసో తేల్చేస్తారు. అయితే హైస్కూల్లో ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ పీరియడ్లలో మీకు ఎదురైన అనుభవాలు ఆ మెమోకన్నా ఎక్కువే చెబుతాయి. ఏ పాఠం ఉత్సాహాన్నిచ్చింది? ఎక్కడ ఆగిపోయారు? ఎందుకు ఆగిపోయారు? ఈ మూడింటికీ నిజాయతీగా జవాబు దొరికితే గ్రూపు సగం తేలినట్టే.

లెక్క రాలేదా? ప్రశ్న అర్థం కాలేదా?

వర్గ సమీకరణాన్ని బోర్డు మీద ఇస్తే చకచకా సాధించే విద్యార్థి, అదే రాత లెక్కగా వస్తే పెన్ను పక్కన పెట్టేస్తాడు. ‘రెండు వరుస ధన పూర్ణసంఖ్యల లబ్ధం 306. ఆ సంఖ్యలేవి?’ అన్న ప్రశ్న ఇంగ్లిష్‌లో వచ్చిందనుకోండి. ‘కన్సెక్యూటివ్’ అంటే ఒకదాని వెంట ఒకటి వచ్చేవని తెలిస్తే, సమీకరణం రాసుకుని 17, 18 అని జవాబు తేల్చేయొచ్చు. ఆ ఒక్క మాట తెలియక మార్కులు పోతే లోపం లెక్కల్లో లేదు, చదివి అర్థం చేసుకోవడంలో ఉంది. ‘నాకు లెక్కలు రావు’ అనుకుని ఎంపీసీ వదిలేసేవాళ్లు ముందుగా ఈ తేడా గమనించాలి.

ప్రభుత్వ పాఠశాలలకు ఇచ్చే ద్విభాషా పుస్తకాలు ఇక్కడే అక్కరకొస్తాయి. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లిష్ ఉంటాయి. తెలుగులో చదివి విషయం పట్టుకోండి. తర్వాత ఇంగ్లిష్ పేజీ చదివి, పుస్తకం మూసి, రెండు వాక్యాల్లో సొంతంగా చెప్పండి. గైడ్‌లోని జవాబు బట్టీపడితే మార్కులు రావచ్చు, భాష మాత్రం రాదు.

ఫిజిక్స్ భయానికి మూలం ఆరో తరగతిలో

కటక సూత్రం కంఠతా వస్తుంది. విలువలు కూడా సరిగ్గానే ప్రతిక్షేపిస్తారు. తీరా 1/20 లోంచి 1/30 తీసేయాల్సి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. అక్కడ అడ్డొచ్చింది ఫిజిక్స్ కాదు, భిన్నాలు, క.సా.గు. చిన్న తరగతుల్లో వదిలేసిన మెట్టు పదో తరగతిలో కాలికి తగులుతుంది. రోజుకో అరగంట చొప్పున కొన్నాళ్లు భిన్నాలు, నిష్పత్తులు, ప్రమాణాల మార్పిడి సాధన చేయండి. ఆరో తరగతి పుస్తకం మళ్లీ తెరవడానికి సిగ్గుపడనక్కర్లేదు.

లెక్కల భయంతోనే బైపీసీ వైపు వెళ్లేవారికి మరో మాట. నీట్‌లో 180 ప్రశ్నలకు 720 మార్కులు. బయాలజీ వాటా 360. మిగతా 360 ఫిజిక్స్, కెమిస్ట్రీలవే. అక్కడా లెక్కలు తప్పవు.

ఆసక్తిని పట్టిచ్చే గుర్తులు

పెళ్లిళ్లలో కాళ్లకు పెట్టే పారాణిని పసుపు, సున్నం కలిపి చేస్తారు. పచ్చటి పసుపు ఎందుకు ఎర్రబడిందని అడిగి, ఆమ్లాలు-క్షారాల పాఠంతో కలిపి చూసుకునే పిల్లల్లో సైన్స్ మీద నిజమైన ఇష్టం ఉన్నట్టే. మీలోనూ ఇలాంటి గుర్తులు వెతకండి.

• జవాబు వచ్చాక కూడా ఇంకో పద్ధతి వెతుకుతారా? ఎంపీసీ, ఎంఈసీ మీకు నప్పుతాయి. ఈఏపీసెట్ ఇంజినీరింగ్ విభాగంలో 160 ప్రశ్నలకు 80 లెక్కలవే. ఎంఈసీ తర్వాత సీఏ వైపు వెళ్లినా ఫౌండేషన్‌లో లెక్కల పేపరు ఉంటుంది.

• వినడంకన్నా విప్పి, బిగించి చూడటం ఇష్టమా? పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరే విషయం ఆలోచించండి.

• మొక్కలు, జంతువులు, మానవ శరీరం గురించిన పాఠాలు చదివిస్తాయా? బైపీసీ అంటే ఎంబీబీఎస్ ఒక్కటే కాదు. వ్యవసాయం, పశువైద్యం, ఫార్మసీ, నర్సింగ్, మైక్రోబయాలజీ కూడా ఉన్నాయి.

• చదివింది సొంత మాటల్లో చెప్పడం, వాదించడం ఇష్టమా? సీఈసీ, హెచ్‌ఈసీ నుంచి న్యాయవిద్య, జర్నలిజం, సివిల్ సర్వీసులకు దారులున్నాయి.

ఏ గ్రూపైనా ఇంగ్లిష్, లెక్కలు వెంటే

ఇంటర్‌లో ఒక సబ్జెక్టు వదిలేస్తే జీవితాంతం దాని బాధ ఉండదనుకోవడం పొరపాటు. బ్యాంకు పీఓ ప్రిలిమ్స్‌లో ఇంగ్లిష్, లెక్కలు రెండూ ఉంటాయి. ఎన్‌డీఏ రాతపరీక్షలో లెక్కలకు 300, ఇంగ్లిష్‌కు 200 మార్కులు. న్యాయవిద్య కోసం రాసే క్లాట్‌లోనూ పదో తరగతి స్థాయి లెక్కలు అడుగుతారు. హైస్కూల్లో వేసుకున్న పునాదే ఇవన్నీ మోస్తుంది.

నెల రోజుల నోటుపుస్తకం

రోజూ సాయంత్రం మూడు సబ్జెక్టులకూ మూడేసి ముక్కలు రాయండి: ఏం అర్థమైంది, ఎక్కడ ఆగాను, ఆపింది మాటా, మెట్టా, భయమా? నెల తిరిగేసరికి ఒకే అడ్డంకి పదేపదే కనిపిస్తుంది. ఆ పేజీ తీసుకెళ్లి సార్‌కో, మేడంకో చూపించండి. ‘ఏమీ అర్థం కావట్లేదు’ అనేకన్నా ‘ఇక్కడ ఆగిపోతున్నాను’ అంటే టీచర్ సాయం చేయడం తేలిక. తల్లిదండ్రులూ ‘ఎన్ని మార్కులొచ్చాయి?’ అనే ముందు ‘ఈరోజు ఎక్కడ ఇబ్బంది పడ్డావు?’ అని అడగాలి.

మార్కులు తగ్గాయని దిగులుపడేవారికి చివరిగా ఒక మాట. బయాలజీలో శ్వాసక్రియ పాఠం చదివేటప్పుడు ఏటీపీ గురించి వింటారు. కణాలకు శక్తినిచ్చే ఆ పదార్థాన్ని కనుగొన్నవారిలో ఒకరైన యల్లాప్రగడ సుబ్బారావు భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కారు. మద్రాసులో వైద్యం చదివి 1923లో అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో పరిశోధన చేశారు. ఒక మెమో మీ భవిష్యత్తును తేల్చేయదు. ఎక్కడ ఆగారో తెలుసుకుని అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టండి. ఈ రాత్రే ఒక నోటుపుస్తకం తీసి, మొదటి పేజీ మీద రేపటి తేదీ వేయండి.