ఇసుకలో సాధన, కొండ మీద పరీక్ష

ప్రశ్న: మాది వేటపాలెం. గేరు సైకిల్ మీద రోజూ రామాపురం బీచ్ దాకా వెళ్లొస్తాను. మౌంటెన్ బైక్, సైక్లోక్రాస్ పోటీలకు ఇక్కడే సిద్ధం కావచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: నిక్షేపంగా కావచ్చు. బురద, గడ్డి, ఇసుక మీద గంటసేపు చుట్లు కొట్టే పోటీ సైక్లోక్రాస్. అడ్డుపలకలు వస్తే దిగి, సైకిల్ భుజాన వేసుకుని పరుగెత్తాలి. కావలసిన ఇసుక మీ ఊళ్లోనే ఉంది. టైర్లలో గాలి కాస్త తగ్గించి, బరువు వెనక్కి వేసి, తేలిక గేరులో ఆపకుండా తొక్కండి. అంతర్జాతీయ పోటీల్లో టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు మించకూడదు; సాధనకు మీ టైర్లే చాలు.

1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న క్రాస్‌కంట్రీ మౌంటెన్ బైకింగ్‌కు మాత్రం ఎత్తుపల్లాలు కావాలి. వీలైనప్పుడల్లా కొండవీడు ఘాట్‌రోడ్డు ఎక్కండి. దిగేటప్పుడు వేగం అదుపులో ఉంచుకోండి. వేసవిలో తెల్లవారుజామునే ముగించండి. ఉప్పుగాలికి చైన్ తుప్పు పడుతుంది. మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె వేయండి.

మన దేశంలో సైక్లోక్రాస్ పోటీలు అరుదు. మౌంటెన్ బైక్‌కు జాతీయ పోటీలున్నాయి కాబట్టి ముందు దానిమీదే దృష్టి పెట్టండి. ఎంపికల వివరాలకు రాష్ట్ర సైక్లింగ్ సంఘాన్ని సంప్రదించండి. హెల్మెట్ లేకుండా మాత్రం సాధనకైనా బయల్దేరకండి.