డ్రిప్పు మిగిల్చిన నీళ్ళు ఎటు పోయాయి?

నందిగామ దగ్గర మా పెదనాన్న ఎకరం మిర్చికి డ్రిప్పు వేయించారు. నీళ్ళు ఆదా, కలుపు తక్కువ. మొన్న సెలవులకి వెళ్తే పక్కన బీడుగా ఉండే అరెకరం కూడా పచ్చగా ఉంది. "నీళ్ళు మిగిలాయి కదరా, ఇదీ వేసేశాం" అన్నారు. అక్కడే నాకు అనుమానం మొదలైంది.

నందిగామ, జగ్గయ్యపేట పొలాలు నాగార్జునసాగర్ ఎడమ కాలువకి చివర్లో ఉంటాయి. నల్గొండ, ఖమ్మం దాటాకే నీళ్ళు మన వైపు రావాలి. (ఆ ప్రాజెక్టు కోసం పట్టుబట్టిన ముక్త్యాల రాజాది జగ్గయ్యపేట పక్క ఊరే, చూడండి!) కాలువ రానప్పుడు బోరే దిక్కు.

2003లో ఉమ్మడి రాష్ట్రంలో సూక్ష్మ సేద్యం ప్రాజెక్టు మొదలై డ్రిప్పుకి సబ్సిడీ వచ్చింది. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. ఒకటి పొదుపు చెయ్యమంటుంది, రెండోది మోటారు ఎంతసేపు వేసినా బిల్లు రాదంటుంది.

ఇప్పుడు చిన్న లెక్క. అంకెలు అర్థం కావడానికే. ఎకరం మిర్చి తాగేది 90 పాళ్ళు అనుకుందాం. బోదెల్లో పారిస్తే 150 తోడాలి. మిగతా 60లో కొంత ఆవిరైపోతుంది, చాలావరకు భూమిలోకి దిగి మన బోరుకో పక్కవాళ్ళ బోరుకో చేరుతుంది. డ్రిప్పుతో 100 తోడితే చాలు. కానీ మిగిలిన 50తో ఇంకో అరెకరం తడిపితే? తోడేది మళ్ళీ 150. పంట తాగేది 135. భూమికి తిరిగొచ్చేది మహా అయితే 15. అంటే డ్రిప్పు వేశాక బోరు ఇంకా తొందరగా దిగొచ్చు!

కాలువదీ ఇదే కథ. మనం వృథా అనుకునే ఊట నీళ్ళు బావుల్లోకి, మునేరు, పాలేరుల్లోకి చేరతాయి. ఆ రెండూ కృష్ణలో కలిసి ప్రకాశం బ్యారేజీకి వెళ్తాయి. మన లీకేజీ డెల్టాకి ఇన్‌పుట్ అన్నమాట.

డ్రిప్పు వద్దని కాదు, అదే నీటితో దిగుబడి పెరుగుతుంది. కాకపోతే ఎన్ని ఎకరాల్లో పైపులు వేశారన్నది కాదు, మొత్తం ఎంత తోడారన్నది పాలసీ లెక్కపెట్టాలి. ఇది జరగని పనేం కాదు. అనంతపురం, నల్గొండ లాంటి ఏడు కరువు జిల్లాల్లో ఒక ప్రాజెక్టు కింద రైతులే వాన, బోర్ల నీటిమట్టం కొలిచారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, ఉన్న నీళ్ళకి ఏ పంట ఎంత వేయొచ్చో లెక్క వేసుకున్నారు.

ఇదంతా పెదనాన్నకి చెప్పాను. కాసేపు ఆలోచించి, "మన బోరు రేపు కొలుద్దాం. పక్కవాళ్ళని మాత్రం నువ్వే అడుగు" అన్నారు.